అప్పుడు కాలు చెప్పేది, ఇప్పుడు కాలువ చెబుతోంది

మా రోజుల్లో పోలియో ఊళ్లోకి వచ్చిందని ఏ ల్యాబూ ముందుగా చెప్పేది కాదు. రెండు మూడు రోజులు జ్వరం కాసి తగ్గిన పిల్లాడు మంచం దిగి నిలబడబోయి కూలబడితే, అప్పుడు తెలిసేది. తెలిసేనాటికి ఆ పిల్లాడికి ఇవ్వడానికి మందంటూ ఏమీ ఉండేది కాదు, ఇప్పటికీ లేదు. నేను డెబ్బయ్యో దశకం చివర్లో ఆరోగ్య శాఖలో చేరి, గుంటూరు జిల్లా డెల్టా పల్లెల్లో సైకిలు మీద తిరిగి, సూపర్‌వైజరుగా రిటైరైనవాణ్ణి. అప్పట్లో టీకాలకని ఏ బడికి వెళ్లినా, తొడ మీద చెయ్యి ఆన్చి, ఆ చేత్తోనే కాలిని ముందుకు తోసుకుంటూ నడిచే పిల్లాడు ఒక్కడైనా కనిపించేవాడు. కండ కరిగి కాలు సన్నబడిపోయి ఉండేది. గిచ్చితే నొప్పి తెలుస్తుంది, కదపమంటే కదలదు. ఆ నడక ఒక్కసారి చూసిన తల్లి చుక్కల మందు వేయించడానికి పొలం పని మానుకుని పరుగెత్తుకొచ్చేది. ఇప్పటి ముప్పై ఏళ్ల తల్లికి పోలియో అంటే టీవీలో అమితాబ్ బచ్చన్ గద్దించి చెప్పిన ప్రకటన. అంతకుమించి ఆమె చూసింది లేదు. చూడనందుకు సంతోషమే. చూడలేదు కాబట్టి లేనేలేదనుకోవడమే నాకు మింగుడుపడదు.

ఆ రోజుల్లో ఇంకో ఘోరం ఉండేది. పిల్లాడికి ఒళ్లు కాలగానే ఆర్‌ఎంపీ దగ్గరికి ఎత్తుకెళ్లేవాళ్లు. సూది వెయ్యకపోతే వైద్యమే కాదని జనం నమ్మకం. జనం నమ్మకం పోగొట్టుకోవడం ఆయనకూ ఇష్టం ఉండదు. పిరుదు మీద సూది పడేది. రెండు రోజులకు ఆ కాలే పడిపోయేది. ‘సూది నరానికి తగిలిందయ్యా’ అని తల్లి ఏడ్చేది. అసలు సంగతి ఏమిటంటే, ఆ జ్వరమే పోలియో జ్వరం. వైరస్ అప్పటికే పిల్లాడి పేగుల్లో, రక్తంలో ఉండేది. కండలోకి గుచ్చిన సూది దానికి నరంలోకి దారి చేసేది. సూది వెయ్యకుండా పడుకోబెట్టి ఉంటే ఆ జ్వరం చాలామంది పిల్లల్లో అలాగే తగ్గిపోయేది. వైద్యులకు ఈ విషయం తెలిసి ఎన్నో ఏళ్లయింది. మా ఊరి అరుగుల మీదికి మాత్రం చేరలేదు.

ఒక పిల్లాడి కాలు పడిపోయిందంటే ఆ చుట్టుపక్కల ఇంకెంతమందిలో వైరస్ తిరుగుతోందో లెక్క ఉంది. పోలియో మొదటి రకం సోకిన దాదాపు 200 మందిలో ఒక్కరికే పక్షవాతం వస్తుంది. మిగతావాళ్లలో చాలామందికి జ్వరం కూడా రాదు. కానీ వాళ్ల మలంలో వారాల తరబడి వైరస్ పోతూనే ఉంటుంది. మా పల్లెల్లో ఆ మలం కాలవగట్టున, చెరువుగట్టున పడేది. వాన పడితే నీళ్లలో కలిసేది. ఆ నీళ్లే బిందెల్లోకి వచ్చేవి. మేము కాలు పడిపోయిన ఇంటికి వెళ్లి, చుట్టూ ఉన్న ఇళ్లలో చుక్కలు వేసి, రిజిస్టరులో రాసుకునేవాళ్లం. ఆ వందల మంది ఎవరో, ఏ వీధిలో ఉన్నారో, వైరస్ ఏ ఊరికి పోయిందో మాకు తెలిసే దారే లేదు. పక్క మండలంలో ఇంకో కాలు పడిపోయాక గాని అది అటు పోయిందని తెలిసేది కాదు.

1995 డిసెంబరు 9న దేశమంతటా పల్స్ పోలియో మొదలైంది. ఇప్పటివాళ్లకు చెప్పినా నమ్మరేమో గానీ, ఆరోజు మా పీహెచ్‌సీ పరిధిలో పండగ వాతావరణం. ముందు రాత్రి చాటింపు. బడి వరండాలో బెంచీ, బెంచీ మీద వ్యాక్సిన్ క్యారియర్, అందులో నాలుగు ఐస్ ప్యాకులు. పంతుళ్లు, అంగన్‌వాడీ ఆయాలు, కాలేజీ కుర్రాళ్లు అందరూ వచ్చారు. తర్వాత్తర్వాత చుక్క వేసిన పిల్లల ఎడమ చిటికెన వేలికి సిరా గుర్తు, తిరిగిన ఇంటి తలుపు మీద సుద్దగీత, ఇవన్నీ చేరాయి. సీసా మీద వలయం, దాని నడుమ తెల్లటి చతురస్రం ఉండే గుర్తు కూడా ఆ తర్వాత వచ్చిందే. ఆ చతురస్రం రంగు ముదిరి చుట్టూ ఉన్న వలయంతో సమానమైతే మందు వేడికి చెడిపోయినట్టు, పారెయ్యాలి. అది రాకముందు ఐసు కరిగిందా లేదా అన్నదే మాకు లెక్క.

1997లో పక్షవాతాల మీద నిఘా మొదలైంది. 15 ఏళ్ల లోపు పిల్లల్లో ఎవరికి హఠాత్తుగా కాలో చెయ్యో మెత్తబడి పడిపోయినా, కారణం ఏదైనా సరే, కబురు రావాలి. పడిపోయిన 14 రోజుల్లోగా, కనీసం 24 గంటల తేడాతో రెండుసార్లు మలం తీసి ఐసులో పెట్టి ల్యాబుకు పంపాలి. 60 రోజుల తర్వాత మళ్లీ వెళ్లి కాలు ఎలా ఉందో చూడాలి. డబ్బా పట్టుకుని ఇంటి ముందు కూర్చుని, పిల్లాడు ఎప్పుడు వెళ్తాడా అని పొద్దంతా కాచుకున్న రోజులున్నాయి. దొడ్డికి వెళ్లింది పట్టుకుపోవడమేమిటని ముసలమ్మలు తిట్టినా, ఆ తల్లులు మాత్రం మాకు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టేవాళ్లు. ఈ పనిని నేను తక్కువ చెయ్యను. దేశంలో పోలియో ఎక్కడుందో ఖచ్చితంగా తెలిసింది దీనివల్లే. 2009లో దేశంలో 741 కేసులు; 2010లో 42; 2011లో ఒక్కటి. ఆ ఏడు జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒక పసిపాపకు వచ్చింది. దేశంలో సహజ పోలియోకి అదే ఆఖరు. 2014 మార్చి 27న పోలియో రహిత ప్రాంతమన్న ధ్రువపత్రం వచ్చింది. అయినా ఆ పద్ధతి కూడా కాలు పడిపోయాకే మొదలయ్యేది.

కాలు పడిపోకముందే తెలుసుకునే పద్ధతి మురుగునీళ్లలో ఉంది. ఇదేమీ నిన్నమొన్నటిది కాదు. మురుగులో పోలియో వైరస్ ఉంటుందని అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రెండో ప్రపంచ యుద్ధం నాటికే చూపించారు. మన దేశంలో 2001లో ముంబయిలో క్రమం తప్పకుండా తీసి చూడడం మొదలైంది. తర్వాత ఢిల్లీ, పట్నా, కోల్‌కతా. సహజ పోలియో వైరస్ దేశంలో మురుగునీళ్లలో చివరిగా దొరికింది 2010 నవంబరులో, ముంబయిలోనే.

నా దగ్గర జూనియర్‌గా చేసిన ఒకతను ఇప్పుడు ఈ పని చూస్తున్నాడు. అతనితో కలిసి ఓ తెల్లవారుజామున వెళ్లి చూశాను. పొద్దున్నే ఎందుకంటే, జనం మరుగుదొడ్లు ఎక్కువగా వాడే వేళ అదే కాబట్టి. ఫ్యాక్టరీ వ్యర్థాలు కలిసే చోట తియ్యరు, రసాయనాలకు వైరస్ చచ్చిపోతుంది కాబట్టి. వాన పడిన మర్నాడు తియ్యరు, పలచబడిపోతుంది కాబట్టి. చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు, తాడు కట్టిన చిన్న బకెట్. బకెట్‌ను ఆ నీళ్లతోనే ఓసారి తొలిచి, మళ్లీ దించి, లీటరు సీసా నింపాడు. మూత బిగించి, బయట తుడిచి, సీసా మీద స్థలం, తేదీ, టైమూ రాసి ఐసు పెట్టెలో పెట్టాడు. మొత్తం పది నిమిషాల్లో అయిపోయింది. ఆ పది నిమిషాలూ కంపు భరించలేక నేను కండువా అడ్డం పెట్టుకున్నాను. అతను వారం వారం చేస్తాడు, ముఖం కూడా చిట్లించడు. ఇలాంటివాళ్ల ఫొటో ఏ పేపర్లోనూ వెయ్యరు.

ల్యాబులో ఏం చేస్తారో అతనే చెప్పాడు. అర లీటరు మురుగునీటిని గిర్రున తిప్పి మట్టిని వేరు చేస్తారు. అందులో రెండు రసాయనాలు కలిపి చలిలో రాత్రంతా ఉంచితే నీళ్లు రెండు పొరలుగా విడిపోతాయి. వైరస్ అంతా అడుగుపొరలోకి, కొద్ది మిల్లీలీటర్లలోకి చేరుతుంది. క్లోరోఫారంతో బాక్టీరియాను చంపి, మిగిలింది జీవకణాల మీద వేస్తారు. పోలియోని పట్టడానికి వాడే కణాలు ఎలుకవి. ఎలుక కణాన్ని మామూలుగా పోలియో ముట్టుకోదు. దాన్లోకి దూరడానికి మనిషి కణం మీద ఉండే తలుపు కావాలి. శాస్త్రజ్ఞులు ఆ తలుపును ఎలుక కణానికి పెట్టారు. దాంతో మురుగులో ఉండే వంద రకాల పేగు వైరస్‌లను పక్కన పెట్టి, దాదాపుగా పోలియో మాత్రమే అందులో పెరుగుతుంది. పెరిగితే కణాలు గుండ్రంగా ముడుచుకుని సీసా అడుగునుంచి ఊడిపోతాయి, మైక్రోస్కోపులో కనిపిస్తుంది. ఆ తర్వాత జన్యు పరీక్ష చేసి అది ఏ రకమో, ఏ ప్రాంతపు వైరస్‌కు చుట్టమో, దాని మార్పులు లెక్కబెట్టి ఎంతకాలంగా మనుషుల్లో తిరుగుతోందో కూడా చెప్పగలరు. మేము కాలవగట్ల వెంట రోజుల తరబడి తిరిగినా తెలియనిది ఒక సీసా చెబుతుంది. వింటుంటే నా కళ్లు చెమర్చాయి. మా వూళ్ల పిల్లలకు ఇది అప్పుడు అందుబాటులో లేకపోయిందే అనిపించింది.

మన హైదరాబాద్ సంగతే చూడండి. ముందు చుక్కల మందు గురించి ఒక మాట. అందులో ఉండేది బలం తగ్గించిన బతికున్న వైరస్. అది పిల్లల పేగుల్లో పెరిగి మలంలో బయటికి వస్తుంది. చుట్టూ టీకాలు సరిగా పడని పిల్లలుంటే ఒకరినుంచి ఒకరికి పాకుతుంది. అలా చాలాకాలం తిరిగితే పోయిన బలం తిరిగి తెచ్చుకుంటుంది. ఇందులో ఎక్కువ ఇబ్బంది పెట్టేది రెండో రకం. సహజమైన రెండో రకం ప్రపంచంలో చివరిగా కనిపించింది 1999లో, మన ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్‌లో. అది పూర్తిగా పోయిందని 2015లో ప్రకటించాక, 2016 ఏప్రిల్ 25న మన దేశంలో చుక్కల మందులోంచి రెండో రకాన్ని తీసేశారు. కొన్ని వారాలు గడిచాయో లేదో, హైదరాబాద్ మురుగునీటి నమూనాలో, టీకా నుంచి పుట్టి మార్పులు చెందిన రెండో రకం బయటపడింది. ఒక్క పిల్లాడి కాలూ పడిపోలేదు. పాతరోజుల్లో అయితే ఏ పేట పిల్లాడో మూల్యం చెల్లించాకే మాకు తెలిసేది.

ఆ జూన్ 20 నుంచి 26 దాకా హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో ఎంపిక చేసిన ప్రాంతాల్లో ఆరు వారాల నుంచి మూడేళ్ల వయసు పిల్లలకు సూది టీకా వేశారు. పూర్తి మోతాదు సీసాలకు ప్రపంచమంతా కొరత. అందుకని ఐదో వంతు, అంటే 0.1 మిల్లీలీటరు, చర్మంలోకే ఇచ్చారు. చర్మం పొరల మధ్య సూది పెట్టి, మందు వదలగానే చిన్న బుడిపె లేవాలి. లేవకపోతే లోతుకు పోయినట్టు. గింజుకుంటున్న ఏడాది పిల్లాడి చేతి మీద ఆ బుడిపె లేపడానికి నర్సమ్మకు ఎంత ఒడుపు కావాలో దగ్గరుండి చూసినవాడికే తెలుస్తుంది. నేను అప్పటికే రిటైరై కొడుకు దగ్గర ఉన్నాను. మా పక్క బస్తీలో తల్లుల్ని పిలుచుకురావడానికి నర్సమ్మల వెంట నడిచాను. వారంలో 3 లక్షల 11 వేల మంది పిల్లలకు వేశారు. వెయ్యాలనుకున్నవాళ్లలో 94 శాతం. ఇంత పెద్ద పని ఆ వారం దాటాక ఎవరికీ గుర్తులేదు. ‘హైదరాబాద్‌లో పోలియో’ అన్న హెడ్డింగు గుర్తున్నవాళ్లు ఉన్నారు, ఆ తర్వాత ఏం జరిగిందంటే తెల్లమొహం వేస్తారు.

కాలువ ముందే చెప్పినా సరిపోదనడానికి న్యూయార్క్ కథ చాలు. 2022 జులైలో అక్కడి రాక్‌లాండ్ కౌంటీలో టీకా వేయించుకోని ఒక యువకుడికి వచ్చిన పక్షవాతం పోలియో వల్లేనని తేలింది. అప్పుడు కోవిడ్ పరీక్షల కోసం తీసి దాచిన మురుగునీటి సీసాలు బయటికి తీసి చూస్తే, వాటిలో పోలియో వైరస్ నెలల ముందునుంచే ఉంది. నీళ్లు చెబుతూనే ఉన్నాయి, అడిగినవాళ్లు లేరు. అదే ఏడాది లండన్‌లో అడిగినవాళ్లున్నారు. బెక్టన్ మురుగు శుద్ధి కేంద్రంలో ఫిబ్రవరి నుంచి తీసిన నమూనాల్లో రెండో రకం దొరికింది. ఒక్కరికీ కాలు పడిపోకుండానే ఒకటి నుంచి తొమ్మిదేళ్ల పిల్లలందరికీ అదనపు డోసు వెయ్యాలని నిర్ణయించారు. గాజాలో 2024 జూన్‌లో తీసిన నీళ్లలో కనిపించింది. బాంబుల కింద చుక్కల మందు ఎవరు తీసుకెళ్తారు? పది నెలల పసివాడికి కాలు పడిపోయింది, అది పోలియోనే అని ఆగస్టులో తేలింది, పాతికేళ్లలో అక్కడ మొదటిసారి. సెప్టెంబరులో కాల్పులకు విరామమిచ్చి 5 లక్షల 50 వేలకు పైగా పిల్లలకు చుక్కలు వేశారు. మురుగు సీసా నింపిన రోజుకీ చుక్క పడిన రోజుకీ మధ్య పోయిన వారాలకు ఆ పసివాడు కాలు ఇచ్చుకున్నాడు.

నాకు కోపం ఇక్కడే వస్తుంది. మాకు కబురు ఆలస్యంగా వచ్చేది, కబురు రాగానే ఊరంతా కదిలేది. ఇప్పుడు కబురు ముందే వస్తోంది, కదలాల్సిన మనుషులు కదలరు. బస్తీల్లో తల్లులు ఇప్పటికీ కదులుతారు. ఇసుక గుట్టల పక్కన రేకుల షెడ్డులో ఉండే బిహారీ, ఒడియా కూలీల ఇళ్లకు వెళ్తే పిల్లల్ని ఎత్తుకుని వస్తారు. ఇబ్బంది చదువుకున్నవాళ్ల దగ్గరే. మేముండే గేటెడ్ కమ్యూనిటీలో కిందటిసారి చుక్కల ఆదివారం తర్వాత ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త ఇంటింటి సర్వేకి వస్తే గేటు దగ్గరే ఆపేశారు. ‘యాప్‌లో అప్రూవల్ రాలేదమ్మా’ అన్నాడు సెక్యూరిటీ కుర్రాడు. అతని తప్పేమీ లేదు, అలా చెప్పమన్నారు. బిర్యానీ తెచ్చే కుర్రాళ్లు వరసగా లోపలికి పోతున్నారు. నేను కిందికి దిగి వెళ్లేసరికి ఆ ఇద్దరూ ఎండలో గోడవారగా నిలబడి ఫోన్లో ఎవరికో చెబుతున్నారు. ఎందరు ఆఫీసర్ల దగ్గర పనిచేసినా నాకు అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు.

లోపలివాళ్లను అడిగితే అందరిదీ ఒకటే మాట, ‘మేం ప్రైవేటులో వేయిస్తున్నాం కదా అంకుల్’. వేయించండి, మంచిదే. ఆరు వారాలకు, 14 వారాలకు, తొమ్మిది నెలలకు సూది టీకా తప్పకుండా వేయించండి. అది పిల్లాడి కాలిని కాపాడుతుంది. కానీ సూది ఒక్కటే వేసుకున్న పిల్లాడి పేగుల్లో వైరస్ చేరి పెరగకుండా అది పూర్తిగా ఆపలేదు. 2013లో ఇజ్రాయెల్‌లో ఏం జరిగింది? 2005 నుంచి వాళ్లు సూది టీకా మాత్రమే వేస్తున్నారు, దాదాపు పిల్లలందరికీ పడింది. అయినా రహత్ పట్టణపు మురుగులో సహజ పోలియో దొరికింది. నెలల తరబడి తిరిగింది. ఎవరికీ పక్షవాతం రాలేదు, ఎవరికీ తెలియలేదు, మురుగే చెప్పింది. చుక్కలు మళ్లీ తెచ్చి వేశారు. అంటే ప్రైవేటు ఆసుపత్రిలో సూది వేయించుకున్న పిల్లాడు తను క్షేమంగా ఉండి, ఇంట్లో పనిచేసే ఆమె చంటిబిడ్డకు వైరస్ అంటించవచ్చు. ఈ మాట చెబితే మొహం తిప్పుకుంటారు.

ఇంకోటి ఎవరూ ఆలోచించడం లేదు. కాలువ చెప్పాలంటే మురుగు కాలువలోకి రావాలి. మా డెల్టా ఊళ్లలో ఇప్పుడు ఇంటింటా మరుగుదొడ్డి ఉంది, చాలా సంతోషం. కానీ అది సెప్టిక్ ట్యాంకులోకి పోతుంది. ట్యాంకు నిండితే లారీ వచ్చి తోడుకుని, చాలాసార్లు రాత్రిపూట ఊరి బయట ఏ మురుగు గుంటలోనో వదిలేస్తుంది. ఆ లారీలు ఎక్కడ వదులుతున్నాయో తెలుసుకుని, అక్కడ ఓ సీసా పట్టాలన్న ఆలోచన ఎవరికైనా ఉందా? హైదరాబాద్‌లో అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్ల సామర్థ్యం ఉంది. దాన్లోకి వచ్చే పేటల పిల్లల సంగతి ఆ నీళ్లు చెబుతాయి. 2020లో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రజ్ఞులు ఇలాగే శుద్ధి కేంద్రాల నీళ్లు చూసి, నగరంలో కరోనా ఆరు లక్షలమందికి పైగా సోకి ఉంటుందని అంచనా కట్టారు. కానీ మా గేటెడ్ కమ్యూనిటీకి సెల్లార్‌లో సొంత శుద్ధి ప్లాంటు ఉంది. మా మురుగు అక్కడే శుద్ధయి మా ఫ్లష్‌లకూ మా పచ్చికకూ వెళ్తుంది. మడ్డి ట్యాంకర్లో పోతుంది. నగరపు కాలువలో సీసా ముంచినవాడికి మా పన్నెండంతస్తుల పిల్లల గురించి తెలిసేది చాలా తక్కువ. నర్సమ్మకూ గేటు మూసే ఉంది, సీసాకూ గేటు మూసే ఉంది.

అందుకని అసోసియేషన్ మీటింగులో రెండు కోరాను. ఏఎన్‌ఎంలను, ఆశా కార్యకర్తలను యాప్‌తో సంబంధం లేకుండా లోపలికి పంపాలి, వాళ్లకు కూర్చోవడానికి లాబీలో కుర్చీ, నీళ్లు ఇవ్వాలి. వాచ్‌మన్ పిల్లలు, పనివాళ్ల పిల్లలు, వెనకాల కడుతున్న బ్లాకులో మేస్త్రీల పిల్లలు అందరినీ ఆ రోజు అక్కడికే తీసుకురావాలి. ఇది మొదటిది, ఒకరిద్దరు సణిగినా ఒప్పుకున్నారు, తీర్మానం రాయించి సంతకాలు పెట్టించాను. రెండోది, ఆరోగ్య శాఖ అడిగితే మా ప్లాంటులోకి వచ్చే మురుగు నుంచి, శుద్ధి చెయ్యకముందే, నమూనా తీసుకోనివ్వాలి. దీనికి సెక్రటరీగారు, ‘అంకుల్, వైరస్ ఉందని బయటికి పొక్కితే ఫ్లాట్ల రేట్లు పడిపోతాయి’ అన్నారు. చాలామంది తలలూపారు. వైరస్ మన గోడల లోపలే తిరుగుతుంటే ముందు మీకు తెలియాలా, కొనేవాడికి తెలియకూడదా, ఏది ముఖ్యమో చెప్పండి అని అడిగాను. ‘వచ్చే మీటింగులో చూద్దాం’ అని వాయిదా వేశారు. ఎజెండాలో మొదటి అంశంగా రాయమని ఇప్పటికే కాగితం ఇచ్చాను.